అత్తయ్య దిగని స్టేషన్

మొన్న ఆదివారం, ఇక్కడ అమెరికాలో, ట్రాయ్‌లో మా వీధి చివర ఉండే మిత్రుల అమ్మాయి ఇటలీ నుంచి తిరిగొచ్చి, బాదం బిస్కట్ల డబ్బా ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఆంటీ, టైబర్ వ్యాలీ అంతా డ్రైవ్ చేశాం. ప్రతి హిల్ టౌన్‌లో స్టాప్ చేశాం. వెళ్ళే ముందే వీడియోస్‌లో అన్నీ చూశాం కదా, ఎగ్జాక్ట్‌గా అలాగే ఉంది!" అని తన అమెరికా యాసలో గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే, నేను తల ఊపుతూనే, మనసులో మాత్రం ఆ టైబర్ నది పక్కన మెల్లగా పాకే చిన్న రైలొకటి ఎక్కేశాను. అందులో కిటికీ పక్కన మా మేనత్త కూర్చుని ఉంది.

అత్తయ్య మా నాన్నగారికి అక్క. పెళ్ళి చేసుకోలేదు. కృష్ణా జిల్లాలో సర్కారు ఆసుపత్రి నర్సుగా పనిచేసి రిటైరైంది. నేను ఇక్కడి కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేరిన కొత్తల్లో, నన్ను చూసి వెళదామని వచ్చింది. ఆ రోజుల్లోనే ఆఫీసువాళ్ళు నన్ను పనిమీద ఇటలీ పంపుతామన్నారు. ఆ మాట చెప్పగానే, చిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్న అత్తయ్య చేతులు ఆగిపోయాయి. ఎవర్నీ ఏనాడూ ఏదీ అడిగి ఎరగని మనిషి, "నన్నూ తీసుకుపోవే," అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆవిడ వీసా కోసం నేను తిరిగిన తిరుగుడు మన కాలం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

పని ముగిశాక వారం సెలవు పెట్టాను. అప్పటికి ఫోన్లు దారి చూపేవి కావు, మనమే మనుషుల్ని అడిగి తెలుసుకునేవాళ్ళం. నేత చీర మీద నా పాత స్వెట్టరు, కాళ్ళకు బూట్లు, సంచిలో జంతికల డబ్బాతో రైలెక్కాక, అప్పుడు చెప్పింది అత్తయ్య అసలు సంగతి.

చిన్నతనంలో ఆవిడకు క్షయ వచ్చిందట. ఇంట్లో మిగతా పిల్లలకు అంటుకుంటుందని తాతయ్య తీసుకెళ్ళి మిషన్ ఆసుపత్రిలో చేర్పించాడు. నెలల తరబడి ఇంటి మొహం చూడని ఆ పిల్లను సాకింది ఇటలీ నుంచి వచ్చిన ఒక సిస్టరమ్మ. రాత్రిపూట మంచాల మధ్య తిరుగుతూ, వచ్చీరాని తెలుగులో తన ఊరి కథలు చెప్పేదట. కొండ మీద ఊరు, కింద టైబర్ నది, అక్కడ అది ఇంకా పసిది, పిల్లలు పరికిణీ ఎత్తిపట్టుకుని దాటేంత. ఊరి గుడి గోడ మీద మేరీమాత బొమ్మ ఉంది, ఆమె దుప్పటంత పైటను చాపి పట్టుకుంటే దాని కింద ఊరు ఊరంతా చేతులు జోడించి నిలబడింది. అందులో ఒక్క పిల్ల మాత్రం ప్రార్థన మానేసి బయటికి తొంగి చూస్తుంటుంది. "అది నువ్వే," అనేదట సిస్టరమ్మ. ఒకరోజు ఆమెకు సొంత దేశం నుంచి పిలుపొచ్చింది. మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది.

ఊరి పేరు మాత్రం అత్తయ్యకు గుర్తులేదు.

అలా ఏటికి ఎదురు బయలుదేరాం. తోడి అనే ఊళ్ళో రాళ్ళు పరిచిన ఎత్తు వీధులు ఆయాసపడుతూ ఎక్కి, కోట గోడ మీంచి కిందికి చూస్తే నది బాగా వెడల్పుగా కనిపించింది. "ఇది కాదు, ఇంకా పైకి," అంది అత్తయ్య. పెరూజియాలో పైట చాపిన తల్లి నిజంగానే కనిపించింది. ఆకాశం నుంచి మహమ్మారి బాణాలు కురుస్తుంటే ఆ పైట కింద బిక్కుబిక్కుమంటూ చిన్నచిన్న మనుషులు, వాళ్ళ వెనక వాళ్ళ ఊరి గోపురాలు. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్క మొహమే వెతికింది. తొంగి చూసే పిల్ల లేదు. మరో కొండ మీది మోంతోనేలో మళ్ళీ అదే తల్లి, మళ్ళీ పైట, ఈసారీ పిల్ల లేదు. ఆ లోయలో చాలా ఊళ్ళకు అలాంటి తల్లి ఒకతి ఉంటుందని అప్పుడు తెలిసింది. నేను నిరుత్సాహపడ్డాను. అత్తయ్య పడలేదు, ఎందుకంటే ఊరూరికీ నది సన్నబడుతోంది.

ఆ సాయంత్రం మోంతోనే గుడి మెట్ల మీద కూర్చుని, అలసటలో అనుకుంటాను, అత్తయ్య సన్నగా ఒక జోల పాడింది. సిస్టరమ్మ నేర్పినదట, రెండు చరణాల దాకా వచ్చు. గుమ్మం ఊడుస్తున్న ముసలావిడ ఒకామె చీపురు పక్కన పెట్టి, ఆగిన చోటి నుంచి అందుకుని మిగతా పాటంతా పాడింది. వాళ్ళిద్దరికీ మాట కలిసే భాష లేదు. చేతులు పట్టుకుని నవ్వుకున్నారు. పాట ఎక్కడిదని నేను సైగ చేస్తే, ఆమె ఉత్తరాన నీలంగా కనిపిస్తున్న కొండను చూపించి ఒక ఊరి పేరు చెప్పింది. ఆ పేరు వినగానే అత్తయ్య మొహం చిన్నపిల్ల మొహమైపోయింది.

మర్నాడు పొద్దున్నే రైల్లో ఉన్నాం. పక్కనే పాయలా మెరుస్తున్న నది, నిజంగానే పరికిణీ ఎత్తి దాటేంత. ఒడ్డున చిన్న స్టేషను, పైన కొండ కొమ్మున ఊరు, గంట గోపురం. రైలాగింది. నేను సంచీ భుజాన వేసుకుని లేచాను.

"అత్తయ్యా, వచ్చేశాం. దిగు."

"కూర్చోవే," అంది, కొండ మీంచి చూపు తిప్పకుండా.

"ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. నేను దిగను."

"ఇంత దూరం వచ్చి! రైలు కదులుతుంది, లే."

"కదలనీ. మళ్ళీ వస్తానని చెప్పిందే ఆమె. ఇప్పుడు నేనెళ్ళి అడిగితే, పోయి ఇన్నేళ్ళయిందని ఎవరో చెబుతారు. ఇక నేను ఎవరికోసం చూడాలి?"

నేను సంచీ దించి కూర్చున్నాను. రైలు కదిలింది. ఆఖరి స్టేషను దాకా వెళ్ళి, అక్కడ కాఫీ తాగి, అదే రైల్లో వెనక్కి వచ్చాం. వస్తున్నప్పుడు కొండ అవతలి వైపుకు మారింది కనుక, అటు కిటికీ పక్క సీటాయన్ని సైగలతో బతిమాలి అత్తయ్య కిటికీ మార్చుకుంది. ఊరు కనుమరుగయ్యేదాకా చూసి, జంతికల డబ్బా మూత తీసి, ఆయనకూ పెట్టింది.

ఇంటికొచ్చాక ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నాకు దాదాపు ఆనాటి అత్తయ్య వయసే. మన చిన్నప్పుడు ఊరు దాటిన మనిషి క్షేమం తెలియాలంటే వారాలు పట్టేది. ఆ తెలియనితనంలోనే బెంగ ఉండేది, ఆశా ఉండేది. ఇప్పుడు పిల్లలు విమానం దిగీ దిగగానే మెసేజ్ పెడతారు, నాకూ అదే హాయి, కాదనను. కానీ అత్తయ్య పోయిన సంగతి నాకు తెలిసింది ఆఫీసు మీటింగులో, బల్ల మీది ఫోన్లో, మా కుటుంబం గ్రూపులో ఎవరో పెట్టిన పూలదండల ఫోటోతో సహా. ఊపిరి ఆగిన కాసేపటికే. ఒక్క పూటైనా ఆవిడ ఇంకా ఉందనుకునే వీలు నాకు లేకపోయింది. సిస్టరమ్మ కోసం ఆవిడ ఒక జీవితమంతా ఎదురుచూసింది. ఆవిడ కోసం అలా ఎదురుచూడాలని నాకూ ఉంది.