కాకిబంగారం రేకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మెల్లగా మాట్లాడితే అనుమానం, గట్టిగా మాట్లాడితే తగాదా. అనుమానమూ తగాదా రెండూ మా అవ్వవే. మా నాయనను కన్న తల్లి ఆమె. చెవులు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా మందగిస్తూ, నేను బడికి పోయే వయసుకు, పక్కన నిలబడి అరిచినా సగమే అందే స్థితికి వచ్చాయి. అందని సగాన్ని ఆమె తనే పూరించుకునేది. అమ్మా నాయనా వంటింట్లో పాల గురించి మాట్లాడుకున్నా, పెదాల కదలిక చూసి, తనను ఎక్కడికో పంపించేయాలని చూస్తున్నారని అనుకునేది.

సూళ్లూరుపేటలో రైలు కట్టకు దగ్గరగా ఉండేది మా ఇల్లు. మద్రాసు బండి పోయినప్పుడల్లా అలమరలో గిన్నెలు గలగలలాడేవి. ఒకప్పుడు చప్పుడును బట్టి ఏ బండి ఎటు పోతోందో చెప్పిన మనిషి, గోడకు అరచెయ్యి ఆనించి బండి వచ్చిందని తెలుసుకునే రోజులు వచ్చాయి. చెవి వెనక తగిలించుకునే చెవి మిషను ఒకటి కొని తెచ్చాడు నాయన. అది ఆమె చెవిలో కీచుమని అరిచేదే తప్ప మాటను తెచ్చి ఇచ్చేది కాదు. ఒకరోజు దాన్ని పీకి బియ్యం డబ్బాలో పడేసింది, మళ్లీ ముట్టుకోలేదు.

ఆ వేసవిలో ఒక పొద్దున లేచేసరికి తలుపు పక్కన మూట కనబడింది. చీరలు, దుప్పటి, తన చెంబు, అన్నీ అందులో కట్టేసింది. గూడూరు అవతల పల్లెలో ఉన్న తమ్ముడి దగ్గరికి పోతుందట. ఆ తమ్ముడికి చూపే సరిగా ఆనదు.

“సోమారం పొద్దున బండికి పోతా. నన్ను ఎవురూ ఆపమాకండి,” అంది.

నాయన బతిమాలాడు. వినబడాలని గొంతు పెంచి బతిమాలాడు. అరుస్తున్న ఆ ముఖం ఆమెకు తిడుతున్నట్టే కనబడింది. ఆమె మూట ముడిని ఇంకాస్త బిగించింది. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. నేను అసలే నిలబడిన చోట నిలవని పిల్లను. ఆ మూటను చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు, ఆట సాగలేదు. వీధిలోకి పరిగెత్తడం, మూట ఇంకా అక్కడే ఉందో లేదో చూడటానికి లోపలికి పరిగెత్తడం, అదే పని.

ఆ పరుగుల్లోనే పక్కింటి అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె నెల్లూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, ఉద్యోగానికి ఎదురుచూస్తూ, ముందు గదిలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తూ ఉండేది. మద్రాసులో పాత సామాన్ల బజారు నుంచి తెచ్చుకున్న పెద్ద హెడ్‌ఫోను ఒకటి ఆమెకు ప్రాణం. నేరుగా రేడియోకు తగిలిస్తే అది పీలగా పలికేదట. దానికి బలం ఇచ్చే యాంప్లిఫయరును తన కోసం తనే కట్టుకుంటోంది. ఒక చెక్క మీద సగం వరకు అతికించిన తీగలు, కందిగింజలంత ముక్కలు, అగ్గిపెట్టె సైజు ట్రాన్స్‌ఫార్మరు ఉన్నాయి. నేను మూట సంగతి రొప్పుతూ చెప్పాను. అక్క చేతిలో వేడి సోల్డరింగ్ కడ్డీని పక్కన పెట్టి, కాసేపు ఆ చెక్క వంక చూసింది.

“దీనికి ఒక మైకు తగిలిస్తే మీ అవ్వకు పనికొస్తాదేమో,” అంది. “చెవి మిషన్లో మైకూ చెవీ పక్కపక్కనే ఉండి కీచుమంటది. ఇందులో మైకును దూరంగా పెట్టొచ్చు.”

అలా తన కోసం కట్టుకుంటున్నది మా అవ్వ కోసం కట్టడం మొదలుపెట్టింది. సోమవారం దగ్గర పడుతోంది. నేను ఆమె భుజం మీదికి వంగి, అయిందా అక్కా, అయిందా అక్కా అని ప్రాణం తీసేదాన్ని.

మొదటిసారి తెచ్చి అవ్వ చెవులకు పెట్టినప్పుడు ఆమె ఉలిక్కిపడి లాగేసింది. “నా చెవిలో తేనెటీగల్ని వదిలినారా?” అని అరిచింది. అక్క తన చెవికి పెట్టుకుని చూసి తల ఊపింది. కరెంటు చప్పుడే గుయ్యిమని వినబడుతోంది. నేను నీరుగారిపోయాను. వెనక్కి తీసుకెళ్లి పని చేస్తూ అక్క నాకు విడమరిచి చెప్పింది.

“బోరింగు కొడితే నీళ్లెట్టా వస్తాయి? ఎగిరెగిరి పడతాయి. అవే తొట్టిలో పోసి, తొట్టి కింద సన్న బెజ్జం పెడితే? ఒకే తీరున వస్తాయి. మన కరెంటు కూడా ఎగిరెగిరి పడేదే. ఇదిగో, ఈ గొట్టమే దాని తొట్టి. నేను పెట్టింది చిన్న తొట్టి, పెద్దది పెట్టాలి.”

కెపాసిటరు అనే ఆ గొట్టాన్ని తీసి పెద్దది పెట్టింది. ట్రాన్స్‌ఫార్మరును చెక్క మీద నుంచి ఊడదీసి, విడిగా ఒక పెట్టెలో పెట్టి, పొడుగు తీగతో దూరంగా జరిపింది. మా వీధి కరెంటు ఒక పూట నీరసంగా, ఒక పూట పొంగుతూ ఉండేది కాబట్టి, దాన్ని ఒకే మట్టాన నిలిపే రెగ్యులేటరు అనే ముక్కనూ తగిలించింది. ఈసారి గుయ్యిమనడం పోయింది. తీగలన్నీ బయటికి కనబడుతుంటే అవ్వ బెదురుతుందని, మొత్తాన్ని ఒక బిస్కెట్ల డబ్బాలో సర్ది మూత బిగించింది.

అవ్వ హెడ్‌ఫోను పెట్టుకుంది. అమ్మ మైకు దగ్గర నోరు తెరిచి, “అత్తా,” అంది. అవ్వ కళ్లు పెద్దవయ్యాయి. అమ్మ ఇంకేదో చెప్పబోతుండగానే గరగరమని చప్పుడు, ఆ వెంటనే డబ్బా సందుల్లోంచి కాలిన వాసన. అక్క ఒక్క దూకు దూకి స్విచ్చి ఆపేసింది. అవ్వ హెడ్‌ఫోను తీసి నేలకేసి కొట్టినంత పని చేసింది.

“పోతానన్నా గదా! పోయేలోపల కాల్చి చంపాలనా?” అంది.

ఆ మాటకు నాయన ముఖం చూడలేక నేను బయటికి పారిపోయాను.

అక్క ఇంటికి వెళ్లేసరికి ఆమె డబ్బా విప్పి కూర్చుంది. లోపల ఒక ట్రాన్సిస్టరు మాడిపోయి ఉంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెగ్యులేటరు వాడుకోగా మిగిలిన బలమంతా వేడిగా మారుతుందని, ట్రాన్సిస్టర్లూ పని చేస్తున్నంతసేపు వేడెక్కుతూనే ఉంటాయని, ఆ వేడి బయటికి పోవడానికి తను దారి వదల్లేదని చెప్పింది. “తొందరపడి మూత బిగించేసినాను,” అంది, నాతో కాదు, తనతో తనే అన్నట్టు. తర్వాత ముక్కు తుడుచుకుని, వాళ్లమ్మ వాడకుండా పడేసిన సత్తు పళ్లెం ఒకటి తెచ్చి, కత్తిరించి రెక్కల్లా వంచడం మొదలుపెట్టింది. వేడి ఆ రెక్కల్లోకి పాకి గాలిలో కలిసిపోతుందట. అయితే ట్రాన్సిస్టరును పళ్లేనికి నేరుగా బిగిస్తే కరెంటు కూడా పళ్లెంలోకి పాకుతుంది. వేడిని పోనిచ్చి కరెంటును ఆపేది మధ్యలో ఒకటి ఉండాలి. అభ్రకం రేకు.

అభ్రకాన్ని మా వైపు కాకిబంగారం అంటారు. మెరిసే పొరలు పొరలుగా విడిపోయే రాయి. గూడూరు అవతల గనులున్నాయి. మా అవ్వ పెళ్లికి ముందు అక్కడి షెడ్డులో ఆడవాళ్లతో కలిసి కూర్చుని కాకిబంగారాన్ని పొరలుగా చీల్చే పని చేసింది. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే నేను అక్క సామాన్ల డబ్బాలో చూశాను. ట్రాన్సిస్టరు ఆకారంలోనే కత్తిరించిన అభ్రకం రేకులు ఒక చిన్న కవరులో తళతళలాడుతున్నాయి. “అక్కా, ఇవిగో!” అనబోయాను. అక్క నా వైపు ఒక చూపు చూసి, ఆ కవరు మీద గుడ్డ కప్పేసింది.

“పా. మీ అవ్వనడుగుదాం,” అంది.

పగలు మూడు, నాలుగు గంటల ఎండలో మా వసారాలోకి వెళ్లాం. అవ్వ మాకు వీపు చూపించి కూర్చుంది. అక్క ఆమె ఎదుటికి వెళ్లి, నేల మీద సత్తు రెక్కలు, కొత్త ట్రాన్సిస్టరు పెట్టింది. పాత ఇస్త్రీపెట్టె లోంచి తీసిన మందపాటి కాకిబంగారం పలక ఒకటి పక్కన పెట్టింది. ఏమీ అరవలేదు. రెక్కకూ ట్రాన్సిస్టరుకూ మధ్య సందు చూపించి, బొటనవేలితో పొర చీల్చినట్టు గాలిలో అభినయించి, ఇంత పల్చన కావాలని వేళ్లు దగ్గరగా పట్టింది. నాకు రాదు, నువ్వే చెయ్యాలి అన్నట్టు రెండు చేతులూ తిప్పింది.

అవ్వ చాలాసేపు ఆ పలకను చూస్తూ ఉండిపోయింది. నేను ఒంటికాలి మీద నిలబడి, కాలు మార్చి, గోడ గీకి, ఇక అరవబోతుండగా ఆమె లేచింది. తలుపు దగ్గరికి నడిచింది. మూట ముందు కూర్చుని ముడి విప్పింది. చీరలు ఒక్కొక్కటే బయటపెట్టి, అడుగు నుంచి ఒక పల్చటి చిన్న కత్తి తీసింది. ఆ కత్తి మా ఇంట్లో ఉందని నాయనకు కూడా తెలియదు.

పలక అంచును గోటితో తడిమి, కత్తి మొన ఎక్కడో ఆనించి, మణికట్టు కొంచెం తిప్పింది. చప్పుడే లేకుండా ఒక పొర లేచి వచ్చింది. వెలుగుకేసి పట్టి చూసింది, నచ్చలేదు. ఇంకొకటి తీసింది. మూడోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఊదింది. అది వణికింది. “ఇది చాలునా అమ్మే?” అని అక్కను అడిగింది. ఇన్నాళ్లలో ఆమె గొంతులో కోపం లేకుండా విన్న మొదటి మాట అది.

అక్క రేకును మధ్యలో పెట్టి బిగించింది. మూత లేదు. అన్నీ గాలికి వదిలేసి స్విచ్చి వేసింది. వేడి ఎంతుందో చూడటానికి నా చేత ఒక పని చేయించింది. సత్తు రెక్క మీద వేలు పెట్టి రెండో ఎక్కం చదవాలి. ఎక్కం పూర్తయ్యేదాకా వేలు ఆగితే వేడి హద్దులో ఉన్నట్టు, మధ్యలో లాగేస్తే కాదన్నట్టు. అంతసేపు నేను కదలకుండా కూర్చోవడం అదే మొదలు. ఎక్కం అయిపోయింది, వేలు అక్కడే ఉంది. అవ్వ నన్ను పక్కకు నెట్టి, తన వేలు పెట్టి చూసి, “గోరువెచ్చనే,” అంది.

అప్పుడు హెడ్‌ఫోను తనే తీసి తల మీద పెట్టుకుంది. నాయన మైకు ముందు కూర్చున్నాడు. ఎన్నో చెప్పాలనుకుని ఉంటాడు. మైకును ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చివరికి, “అమా... అన్నం తిన్నావా?” అని గట్టిగా అరిచాడు.

“అరవమాకరా. వినబడతా ఉండాది,” అంది అవ్వ. ఆ పైన, “నిన్న వంటింట్లో చెప్పుకున్నది నా మాటేనా?” అని సూటిగా అడిగింది.

“కాదమా. దూడ పాలు తాగడం లేదని చెప్పుకుంటా ఉన్నాం.”

అవ్వ దూడ కట్టేసిన వైపు చూసింది. నవ్వింది. నాయన మైకు వదిలి బయటికి వెళ్లి, దూడ దగ్గర నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. సోమవారం పొద్దుటి బండి మా గిన్నెల్ని గలగలలాడించి వెళ్లిపోయింది. అవ్వ వెళ్లలేదు.

ఆ సాయంత్రం నేను అక్కను ఉండబట్టలేక అడిగాను. “నీ డబ్బాలో ఉన్నాయి గదా. ఎందుకు దాచినావు?”

“నేనే అంతా చేసిస్తే అది కూడా బియ్యం డబ్బాలోకి పోయేది,” అంది అక్క. “ఇప్పుడు చూడు, దాన్ని ఎవురినన్నా ముట్టనిస్తాదేమో.”

ముట్టనివ్వలేదు. బతికినన్నాళ్లూ రెక్కల మీద దుమ్ము తనే తుడిచింది. పిల్లలెవరైనా దాని మీద గుడ్డ వేస్తే తిట్టింది. అక్క తన కోసం ఇంకో యాంప్లిఫయరు కట్టుకుంది, ఉద్యోగం వచ్చి ఊరు దాటింది.

నాకిప్పుడు అవ్వ వయసు దగ్గర పడింది. కావలిలో ఉంటున్నాం. పోయినేడు మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఏ పనీ చేయలేనని మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. నా తొందర ఇప్పటికీ పోలేదు. చేతిలో ఉన్నది లాక్కుని నిమిషంలో చేసేయాలనిపిస్తుంది. అలా అనిపించినప్పుడల్లా నా చేతుల్ని ఒళ్లో పెట్టుకుంటాను. నిన్న చాటలో అలసందకాయలు పోసి ఆయన ముందు పెట్టాను. ఎడమ చేత్తో ఒక్కో కాయ నొక్కి, గింజలు జారవిడుస్తూ, పడినవి ఏరుకుంటూ చాలాసేపు ఒలిచారు. తల ఎత్తి, “ఇంకా ఉన్నాయా?” అని అడిగారు. వంటింట్లో నేను ముందే ఒలిచేసిన గింజలు గిన్నె నిండా మూత పెట్టి ఉన్నాయి.

“బోలెడున్నాయి,” అని ఇంకో గుప్పెడు కాయలు చాటలో పోశాను.