తలకిందుల పదివేలు

కొత్త చీర మడత విప్పగానే వచ్చే గంజి వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను ఇప్పటికీ ఆ చీరతో సహా దుకాణం గడప దాటి ఎండలోకి వెళ్తాను. పనివాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ అలవాటు మా మామగారు రాజమౌళి గారిది.

అరవైలలో నేను కోడలిగా వచ్చేనాటికి హనుమకొండ చౌరస్తాలో ఆయనకు బట్టల దుకాణం. మధ్యాహ్నం బేరాలు లేని వేళ పోలండు స్టాంపులు ముందేసుకుని కూర్చునేవారు. ఆయన ప్రాణస్నేహితుడు, మిషను దవాఖానా కాంపౌండరు ఏసుదాసు గారు, అక్కడి దవాఖానాలో ఉండే ఆ దేశపు సిస్టరమ్మనడిగి తెచ్చిపెట్టినవి. ఒకప్పుడు అక్కడ ధరలు పిచ్చెక్కినట్టు పెరిగి, పాత స్టాంపుల మీదే పెద్ద అంకెలు నల్లసిరాతో గుద్ది అమ్మారట. అక్కడి డబ్బులో ఇరవై అయిదు మార్కుల స్టాంపు కాస్తా పదివేలదయిపోయింది! ఆ వింతలు వింటూ కూర్చుంటే, అత్తగారు పప్పు మాడుతోందని కేకేసినా కదిలేదాన్ని కాదు.

“ఈ అంకెలల్ల దొంగయి మస్తుంటయి బిడ్డా,” అన్నారొకరోజు, నన్ను గడప దగ్గరికి పిలిచి. “దీపం కింద ఏ రంగైనా మంచిగనే కనవడ్తది. ఎండల చూడాలె. చీర మీద ఏ అద్దకం ముందు పడ్డదో చూస్తమా లేదా? ఇదీ అంతే. అంకె గుద్దినంకనే పోస్టాఫీసు ముద్ర పడాలె. అంకె ముద్ర మీదికెక్కి కూసుంటే, వాడిపారేసిన స్టాంపు మీద ఎవడో తర్వాత గుద్దినట్టు.”

భూతద్దం నా చేతికొచ్చాక ఇక ఆగుతానా? టౌనుహాల్లో స్టాంపుల ప్రదర్శన దగ్గరపడింది. మామగారి ఆల్బం మొదటి పేజీలో ఒక్కటే స్టాంపు ఉండేది. దాని మీద పదివేల అంకె తలకిందులుగా పడింది. అటువంటివి అరుదు. ఏసుదాసు గారు బొంబాయి నుంచి తెప్పించి ఇచ్చిన కానుక అది. దాన్ని నలుగురికీ చూపించాలనే మామగారు పేరిచ్చారు. ఎండలో పట్టి చూశాను. అంకె నలుపు ముద్ర గీతను కప్పేసింది. కొత్త కోడలిని, చెప్పాలా మానాలా? ఉండబట్టలేక చెప్పేశాను.

మామగారు చాలాసేపు చూశారు. “దోస్తు ఇచ్చిందని ఎండకు పట్టనే లేదు,” అన్నారు. స్నేహితుడి మొహం చిన్నబోతుందని ప్రదర్శనే మానుకుంటానన్నారు. కానీ సాయంత్రం ఏసుదాసు గారు రాగానే దాచలేకపోయారు. ఆయన భూతద్దం లాక్కున్నారు.

“జర నన్ను చూడనియ్యి. ఓరి వీని! మౌళీ, దీన్నే పెడ్దాం పా. దొంగదని రాసి మరీ పెడ్దాం. అసలుదాన్ని చూసి పోతరు, దొంగదాని కాడ నిలవడ్తరు.”

అదే జరిగింది. టౌనుహాలు వాకిలి పక్కన ఎండ పడే చోట బల్ల వేయించారు. భూతద్దం కోసం జనం ఎగబడ్డారు. “ఇచ్చింది నేనే! పట్టింది మా కోడలు!” అని ఏసుదాసు గారు ఒకటే చాటింపు. మామగారు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆయన్ని అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

పోయేముందు మామగారు అసలు స్టాంపులన్నీ కొడుకులకిచ్చి, ఆ దొంగదాన్ని నాకిచ్చారు. ఇప్పటికీ ఎవరైనా తగువు చెప్పుకొస్తే ఏది ముందు జరిగిందని అడుగుతాను. ఇష్టమైనవాళ్ళు ఇచ్చిందైనా ఎండకు పట్టి చూస్తాను. దొంగదని తేలినంత మాత్రాన పారేయను.