అరవై ప్రశ్నలు

ఉప్పల్‌లో షేర్ ఆటో ఎక్కింది మొదలు నాచారంలో దిగేదాకా గౌతమి ఎదుటివాళ్లను చదువుతూనే ఉంటుంది. గలగలా మాట్లాడేవాళ్లది బహిర్ముఖ అనుభూతి, నోరు విప్పనివాళ్లది అంతర్ముఖ ఆలోచన అని స్వభావాల రకాలను వేళ్ల కణుపుల మీద లెక్క వేసుకుంటుంది. ఫ్యాక్టరీలో ఆమెది హెచ్చార్ ఉద్యోగం. మనిషి స్వభావం తేల్చే పరీక్ష అంటూ నెట్ సెంటర్లో ప్రింటు తీసుకున్న అరవై ప్రశ్నలు కార్మికులకు తెలుగులో చదివి, వాళ్ల తరఫున తనే టిక్కులు పెడుతుంది. ప్రెస్ మిషన్ నడిపే మొగిలయ్య పేరు పక్కన ‘అంతర్ముఖుడు, నలుగురిలో కలవడు’ అని రాసింది. ఆ కాగితం చూసి మేనేజరు అతన్ని పనిలోంచి తీసేశాడు.

మర్నాడు గేటు దగ్గర అతని భార్య వెంకటనర్సమ్మ నెమ్మదిగా అంది: “అందర్తోటి కలిసెటోడే మేడమ్. మిషన్ సప్పుడుకు చెవులు పోయినయ్. జెప్తే పనిల నుంచి తీసేస్తరని దాసిపెట్టిండు.”

పక్కనే నిలబడ్డ మొగిలయ్య గౌతమి పెదాల వంకే చూస్తున్నాడు. ఆ రోజు అరవై ప్రశ్నలకూ అతను ఇలాగే చూసి, ఒకేలా తలూపాడు.