భుజం దిగిన ఏనుగులు

1958లో ధర్మవరంలో పట్టుచీరల అంచులకు బొమ్మలు గీసి బతికేదాన్ని. ఏ షావుకారు కిందా పని చేయలేదు. ఎవరడిగితే వాళ్ళకు గీసి ఇవ్వడమే. నాకు చదువు రాదు, సంతకం మాత్రం పెడతాను. ఇది కూడా నేను చెబుతుంటే పక్కింటి పంతులమ్మ రాస్తోంది.

మా పనికి గ్రాఫు కావాలి. గ్రాఫంటే సన్నగళ్ళ కాగితం. ఏ గడి నింపితే చీరలో ఆ చోట జరీ తేలుతుంది. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొడతారు. అట్టలన్నీ దండలాగా కుట్టి, మగ్గం నెత్తిన కూర్చునే జాకార్డుకు ఎక్కిస్తారు. ఒక్కో అట్ట తిరిగేకొద్దీ ఏ పోగులు లేవాలో ఆ జాకార్డే చూసుకుంటుంది. ఇది మా ఆయన పని. మొదట ఆయన గీస్తే నేను గళ్ళు నింపేదాన్ని. పోను పోను నేనే గీసేదాన్ని, ఆయన ఒకసారి చూసి అట్టలకు పంపేవాడు.

ఆయన పోయాక కదిరి నుంచి మా మరిది వచ్చాడు. "ఒక్కదానివి ఈడేం చేస్తావు వదినా? మా ఇంట్లో పొయ్యి కాడ ఒక మనిషి కావాల, వచ్చేయి" అన్నాడు. మంచి మాటే. కానీ పొయ్యి కాడికి పోతే నా చేతిలోంచి పెన్సిల్ పోతుంది. "ఒక్క చీర నా గీతతో బాగా దిగనీ. దిగకపోతే నేనే కదిరి బస్సు ఎక్కుతాను" అని పంపేశాను.

ఆ ఒక్క చీర హిందూపురం జవుళి అంగడాయన తెచ్చాడు. పెనుకొండ దగ్గర భూములున్న ఇల్లు, మనవరాలి పెళ్ళి. అంచు పొడుగునా ఏనుగులు నడవాలి. నేసేది మా వీధి నారాయణప్ప. మా ఆయనకు స్నేహితుడు, నన్ను అక్కా అనేవాడు.

"ఏనుగంటే మాటలు కాదక్కా. తొండం కాడ పోగు తప్పితే పందిపిల్లయితాది."

"నువ్వు నెయ్యప్పా. పందో ఏనుగో నేను చూసుకుంటా."

"చూసుకుంటావులే. పెండ్లికూతురు ఏడిస్తే నన్నే కదా తిట్టేది!"

అంచు మగ్గం మీద నిలువుగా పోతుంది. అందుకని ఏనుగును కాగితం మీద పడుకోబెట్టినట్టు గీయాలి, కాళ్ళు చీర బయటి అంచు వైపు రావాలి. అది నాకు తెలుసు, అట్లాగే గీశాను. నారాయణప్ప నాలుగేనుగులు మచ్చుకు నేసి చూపించాడు. చాప మీద పరిచి చూసుకున్నాను. తొండం తొండంలాగే ఉంది, కాలికి గజ్జె కూడా కనబడుతోంది. కళ్ళు నిండాయి నాకు. అట్లాగే నెయ్యి అన్నాను.

మా ఆయన ఉన్నప్పుడు మచ్చును చాప మీద చూసి వదిలేవాడు కాదు. నా భుజం మీద వేసి, గడప దాకా వెనక్కి నడిచి, తల అటు వంచి ఇటు వంచి చూసేవాడు. ఆయన పోయాక పెళ్ళిపట్టు నా భుజానికి తగలడమేమిటి? తగలకూడదని నాకెవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలుసు. అందుకని వేసి చూడాలన్న తలంపే రాలేదు.

చీర తీసుకుని నేనూ నారాయణప్పా రైలెక్కి పెనుకొండ పోయాం. ఆ ఇంటి అవ్వ చీర విప్పించి చూసి, "బాగుండాది" అంది. మనవరాలిని పిలిచి పైట భుజాన వేసింది. వేసి, వెనక్కి జరిగింది. అప్పుడు చూశాను నేను. రొమ్ము మీదుగా భుజానికి పోవాల్సిన ఏనుగులు తలలు కిందికి పెట్టుకుని, భుజం నుంచి వరసగా దిగి వస్తున్నాయి.

"ఏమప్పా, ఏనుగంటే సిరి గదా, ఎక్కాల్నా, దిగిపోవాల్నా?" అని నారాయణప్పను అడిగింది అవ్వ. "పెండ్లినాడు నా మనవరాలి భుజం మీంచి ఏనుగులు దిగిపోతాంటే నేను చూడాల్నా?"

నాకు అక్కడే తెలిసింది ఎక్కడ తప్పిందో. నారాయణప్ప చీరను కొంగు వైపు నుంచి మొదలుపెడతాడు. అలాంటప్పుడు మగ్గం మీద ఏనుగు తల ముందు పుట్టాలి, తోక తర్వాత రావాలి. నేను తోక వైపు నుంచి అట్టలకు వరస వేయించాను. ఆ వరస ఎప్పుడూ మా ఆయనే వేయించేవాడు. నాకు చెప్పాలని ఆయనకు తోచలేదు, అడగాలని నాకూ తోచలేదు.

"అవ్వా, నేసిన ఈయప్పది కాదు తప్పు. గీసింది నేను" అన్నాను.

అవ్వ అప్పుడు నా మొహం చూసింది. ఉత్త నొసలు చూసింది. "నువ్వా? పెండ్లిచీరకు నువ్వు గీసినావా?" అని ఇంకేదో అనబోయింది.

నారాయణప్ప అడ్డం వచ్చేశాడు. "ఆమె యాడ గీసిందమ్మా, కాగితాలు మోసుకొచ్చే మనిషి. అట్టలు తిప్పి ఎక్కిచ్చింది నేను. నా బుద్ధి గడ్డి తినింది."

"కాదవ్వా, ఈయప్ప నా కోసం అంటాన్నాడు..."

"నువ్వు ఉండమ్మే. మగ్గం సంగతి నేసేటోనికి తెలుస్తాదా, నీకు తెలుస్తాదా?" అంది అవ్వ. నా మాట అక్కడితో సరి.

పెళ్ళికి వేరే అంగడి చీర కట్టారు. అట్టల దండ తిరగేసి ఎక్కించి మళ్ళీ నేస్తే ఏనుగులు పైకెక్కేవే. అంత సులువు. నేసే వ్యవధి మాత్రం లేదు.

స్టేషన్లో అడిగాను, ఎందుకప్పా అట్లా చెప్పినావని.

"నా చెయ్యి చెడ్డదంటే ఒక చీర పోతాది. నీ నొసలి మాట లేచిందంటే నీ గీత ఏ ఇంటి గడపా తొక్కదు. ఊరుకో అక్కా."

మరిదికి మాట ఇచ్చినా, ఆయప్ప నా తప్పు తన మీద వేసుకున్నాక నేను కదిరి పోలేకపోయాను. కొన్నాళ్ళు పెన్సిల్ ముట్టుకోలేదు. ఒకనాడు నారాయణప్ప పెళ్ళాం గంగమ్మ వచ్చి, "నా భుజానికేం రోగం? నా మీద ఏసి చూసుకో" అని నిలబడింది. అట్లా మళ్ళీ మొదలుపెట్టాను. దండ తిరగేయించి ఒక మచ్చు నేయించాను, ఏనుగులు గంగమ్మ భుజం ఎక్కాయి. ఆ అంచును హిందూపురం అంగడాయన చాలా మగ్గాల మీద నేయించాడు. నారాయణప్ప మగ్గం మీద మాత్రం కాదు. తిప్పి నేసేవాడని ఆయనకు పేరు పడిపోయింది. చిన్న చిన్న పూల బుటా చీరలు కూడా షావుకార్లు ఆయనకు ఇవ్వడం మానేశారు.

నేనే పోయి అడిగాను, నా బొమ్మ ఒక్కటన్నా నెయ్యప్పా అని. "సాదా చీరలో తల యాడో తోక యాడో ఎవురూ అడగరు. నాకిదే హాయి అక్కా" అని నవ్వాడు. ఆ నవ్వు ఆయనకు చేతకాలేదు. పోయేదాకా సాదా చీరలే నేశాడు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నవి రెండు. కాగితం మీద అయిపోయింది అనుకున్న బొమ్మ, మనిషి ఒంటి మీద పడేదాకా అయిపోనట్టే. రెండోది, ఎంత చెడ్డ నొసలైనా, గీసిన మనిషి ముందే కనబడాలి. ఆ తర్వాత పెళ్ళిచీరకు బేరం వచ్చిన ప్రతి ఇంటికీ నేనే పోయి, గీసేది నేను, నాకు మొగుడు లేడు, ఇష్టమైతేనే చెప్పండి అనేదాన్ని. కొందరు వద్దన్నారు. కొందరు సరే అన్నారు. సరే అన్నవాళ్ళ పనితోనే నా బతుకు గడిచింది. పెనుకొండకూ అట్లాగే ముందుగా పోయి చెప్పి ఉంటే, నారాయణప్పకు ఆనాడు నోరు తెరిచే పనే ఉండేది కాదు.