సరస్వతి అట్ట వేసిన నవల

మా చిన్నప్పుడు... పాత క్యాలెండర్లు పారేసేవాళ్లం కాదు. బడి తెరవగానే వాటితోనే పుస్తకాలకు అట్టలు. దేవుడి బొమ్మ సరిగ్గా పైకి వచ్చేలా మడవడం మా అన్నకే చేతనయ్యేది.

చందానగర్‌లో ఒకటే గది, కిరాయికి. నాయన కోకాపేట టవర్లలో వాచ్‌మన్. ఎవరో ఫ్లాట్ ఖాళీ చేస్తూ వదిలేసిన ఇంగ్లీషు పుస్తకాల డబ్బాను బస్సులో మోసుకొచ్చాడు. "చదువుకోండ్రి, ఇంగ్లీషొస్తది" అన్నాడు.

అందులో ఒక నవల. పైన నల్లజాతి పిల్లవాడి బొమ్మ... అన్న వయసే ఉంటుంది. అన్న పదో తరగతి, నేను ఏడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని అన్న చదివి, నాకు తెలుగులో చెప్పేవాడు. అమెరికాలో ఆ పిల్లవాణ్ని రంగు చూసి బయటివాళ్లు తరిమేవాళ్లు. మగపిల్లల మీదే మనసు పోతుందని తెలిసి ఇంట్లోవాళ్లూ వెళ్లగొట్టారు.

ఒకరోజు అన్న చదవడం ఆపి, "నేను గిట్లనేరా" అన్నాడు.

"నువ్వు గంత నల్లగ లేవు గదా అన్నా?"

నవ్వాడు. "రంగు కాదురా. నాక్కూడ పోరగాళ్లే నచ్చుతరు. అమ్మకు చెప్పకు."

చెప్పలేదు. ఆ రోజే ఆ నవలకు సరస్వతీదేవి క్యాలెండర్ అట్ట వేశాడు... ఎవరూ తెరిచి చూడకుండా.

దసరాకు అమ్మ మా పుస్తకాలన్నీ దేవుడి ముందు పేర్చింది. సరస్వతి బొమ్మ ఉన్నదాన్నే అన్నిటికన్నా పైన పెట్టి పసుపు, కుంకుమ అద్దింది. పూజలో పెట్టిన పుస్తకాన్ని తీసేదాకా ముట్టుకోకూడదు. అన్న పండగంతా అటే చూస్తూ కూర్చున్నాడు. ఇంకా ఆఖరి భాగం మిగిలే ఉంది.

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మా మామ వచ్చాడు. పూజలోంచి తీయగానే ఆ పుస్తకం అందుకుని పేజీలు తిప్పాడు.

"ఏంది బావా ఇది? మగపోరడు మగపోరణ్ణి ప్రేమించే కథను దేవుని ముంగట పెట్టిన్రు?"

"ఇంగ్లీషు కోసం చదువుతుండు, ఊకో తమ్మి" అంది అమ్మ.

నాయన అన్నవైపు చూశాడు. "ఇంగ్లీషు కోసమేనారా?"

ఔనంటే అయిపోయేది. మామ కూడా నవ్వి వదిలేసేవాడు...

"కాదు నాయనా. గా కథ నా ముచ్చటనే."

అమ్మ ఆ పుస్తకం తీసుకుని, సరస్వతి అట్టను చిరగకుండా విప్పి, కళ్లకద్దుకుని పెట్టెలో దాచింది. అట్ట లేని పుస్తకాన్ని నాయన డాబా మీద కాల్చేశాడు.

మర్నాడు అన్నను మా సొంతూళ్లో ఎవరో బాబా దగ్గరికి తీసుకుపోయారు. తిరిగొచ్చాక చేతుల మీద వాతలు. అమ్మ వెన్న రాయబోతే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. ఒక ఉదయం ట్యూషన్‌కని చెప్పి లింగంపల్లి స్టేషన్ వైపు వెళ్లాడు. ఇప్పటికీ రాలేదు. నాయన పని మానుకుని ఎన్ని స్టేషన్లు తిరిగాడో...

నా బడి కూడా అక్కడితోనే ఆగిపోయింది. ఇప్పుడు చిన్న కిరాణా దుకాణం. రోజూ లెక్క రాయడం అయ్యాక, అన్న డిక్షనరీతోనే ఇంగ్లీషు నేర్చుకున్నాను. అదే నవల పాత పుస్తకాల షాపులో కనబడితే కొన్నాను. ఆఖరి పేజీలో ఆ పిల్లవాడు ఇంటికొస్తాడు. వాళ్లమ్మ తలుపు తీస్తుంది.

అన్న అక్కడిదాకా చదవలేదు.

పోయిన దసరాకు అమ్మ పెట్టెలోంచి ఆ పాత అట్ట తీసి నా చేతికిచ్చింది. నేను కొన్న నవలకు వేశాను. మడతలు సరిగ్గా సరిపోయాయి.

ఇప్పుడు పిల్లలు ఫోన్లలో చదువుతున్నారు... అట్టలు వేసేవాళ్లే లేరు. మీరు ఆ అట్టల కింద ఏం దాచుకునేవాళ్లో చెప్పండి.

అన్నా, ఇది నీ కంటబడితే రా. ఈసారి నేను చదివి చెబుతాను.