అవ్వ ఎత్తిన చెయ్యి

ఇవాళ పచ్చిపాలు గిన్నెలో పోస్తుంటే, ఆ వాసనకు చిన్నప్పుడు సుల్తానాబాద్ దగ్గరి మా ఊళ్లో చూసిన పాల సంఘం మీటింగు గుర్తొచ్చింది. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, దానికి అధ్యక్షుడు. పాలు పోసే కేంద్రాన్ని ఊరి చివరి నుంచి మా అరుగు మీదికి మార్చాలని ఆ రోజు తీర్మానం పెట్టాడు. క్యాన్లన్నీ ఇక మా ఇంటికే వస్తాయని నేను మురిసిపోయాను.

"వద్దనెటోళ్లు చెయ్యెత్తుండ్రి" అన్నాడు బాపు.

గాజుల చప్పుడుతో అందరికన్నా ముందు లేచింది మా అవ్వ చెయ్యి. అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె కూడా సభ్యురాలే.

"గా చివరి వాడ ముసలోళ్లు గింత దూరం పాలు మోస్కొస్తరా?" అంది.

ఆ తర్వాత ఒక్కొక్క చెయ్యీ లేచింది. తీర్మానం వీగిపోయింది.

ఇక వీళ్లిద్దరూ మాట్లాడుకోరని నాకు ఏడుపొచ్చింది. ఇంటికి రాగానే అవ్వ ఎప్పటిలాగే చాయ పెట్టిచ్చింది. బాపు ఒక గుక్క తాగి, "గిదేదో ముందుగాల ఇంట్లనే చెప్పరాదే" అన్నాడు.

"ఇంట్ల చెప్తే నువ్వొక్కనివే ఇంటవు. గాడ చెప్తే సంఘమంత ఇన్నది."

బాపు నవ్వి, ఇంకో కప్పు చాయ అడిగాడు.

సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సంఘం మీటింగు ఉంది. అధ్యక్షుడు మా ఆయనే. ఆయన పెట్టబోయే తీర్మానం నాకు నచ్చలేదు. చాయకు పాలు ఎక్కువే తెప్పించాను.