చేయి చాపినంత దూరం

మోకాళ్ల నొప్పికని కోడలు ఆముదం వేడి చేసి, అందులో కర్పూరం నలిపి తెచ్చింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే సామ్యేలు మాస్టారి చేతులు గుర్తొచ్చాయి. గరుకు అరచేతులు, పొట్టి వేళ్లు. ఆట ముగిశాక మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, బెణికిన కాళ్లకు ఆ చేతులతోనే ఆముదం మర్దన చేసేవారు. ఆయన చేతులు తగిలిన సంగతి మేము ఇళ్లల్లో చెప్పేవాళ్లం కాము. వాసన పోయేదాకా బావి దగ్గర ఒళ్లు తోముకొని మరీ ఇంటిదారి పట్టేవాళ్లం.

అవి మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు. మా మార్కాపురం తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. మాది బేస్తవారిపేట దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. నేను మార్కాపురంలో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూలు చదువుకునేవాణ్ణి. సామ్యేలు గారు మా డ్రిల్లు మాస్టారు. అర్ధవీడు వైపు ఊరికి ఎడంగా ఉండే క్రైస్తవ పల్లెలో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిగా ఇరాక్‌లోని బస్రా దాకా పోయి, ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి. మిగతా ఉపాధ్యాయులంతా ఒక గదిలో కూర్చుంటే ఆయన కుర్చీ మాత్రం వరండాలో ఉండేది. ఎండ మీదికి వచ్చినకొద్దీ దాన్ని జరుపుకుంటూ కూర్చునేవారు.

ఆయన మా చేత చెడుగుడు మొదలుపెట్టించిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మా తరగతిలో యోసేపు అనే పిల్లవాడు ఉండేవాడు. మాస్టారి పల్లె వాడే. తరగతిలో వెనక గోడ పక్కన ఒక్కడే కూర్చునేవాడు. ఆరోజు మొదటి కూతకు వాడే వచ్చాడు. గీత దాటి వాడు మా వైపు రాగానే మేము అలవాటుగా పక్కకు తప్పుకున్నాం. వాడూ మా మీదికి చేయి చాపలేదు. కూత పెడుతూ అంతా తిరిగి వెనక్కి వెళ్లిపోయాడు. రెండోసారీ అంతే. మాస్టారు విజిల్ ఊది ఆట ఆపారు.

"ఏందిరా ఇది? వాడు వచ్చినాడు, పోయినాడు. మీరు దారి ఇచ్చినారు. ఇది ఆటనా, పెండ్లి ఊరేగింపా?"

"ఇంట్లో ఊరుకోరు సార్," అన్నాడు మాలో ఒకడు.

"అయితే ఇండ్లకు పోండి. పట్టుకోకుండా గెలిచే ఆట కాదు ఇది."

ఎవరూ కదల్లేదు. యోసేపు తలవంచుకుని కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు. మళ్లీ కూతకు వచ్చినప్పుడు, ఎందుకో తెలియదు, నేను వంగి వాడి చీలమండ పట్టుకున్నాను. నన్ను గీత దాకా ఈడ్చుకుపోయాడు. అప్పుడు మిగతావాళ్లూ మీద పడ్డారు. వాడి కూత తెగింది. దుమ్ములోంచి లేచేసరికి వాడి మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. వాడు మాత్రం పగలబడి నవ్వుతున్నాడు. "పట్టినారు సార్! నన్ను పట్టినారు!" అని అరిచాడు. అవుటైనందుకు అంతగా సంతోషించినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

ఆ ఏడాదంతా మేము ఒకరి చేతులొకరం పట్టుకుని గొలుసులా నిలబడటం నేర్చుకున్నాం. పక్కవాడు ఎప్పుడు ముందుకు దూకుతాడో, ఎప్పుడు భయపడుతున్నాడో వాడి అరచేతి చెమటలోనే తెలిసేది. తరగతిలో నోరు విప్పని యోసేపు లెక్కల్లో నాకు తప్పులు చూపించేవాడు. నేనూ బెరుకు వదిలి నలుగురిలో మాట్లాడటం మొదలుపెట్టాను. ఒకనాడు హెడ్మాస్టరు గారు వరండాలో నిలబడి, "ఈ గెంతులు పరీక్షలో మార్కులు తెస్తాయా సామ్యేలూ?" అని అడిగారు. "తేవు సార్," అన్నారు మాస్టారు. "కానీ ఏడుగురు పిల్లోళ్లు చేతులు పట్టుకొని నిలబడేది వీళ్లకు ఇంకెక్కడ దొరుకుతాది సార్?"

నంద్యాలలో పోటీలకు మా జట్టు పేరు వెళ్లింది. రైలెక్కాలి, అక్కడ అందరం ఒకేచోట తిని, ఒకేచోట పడుకోవాలి. ఆ మాట ఇళ్లకు చేరింది. ఊరి పెద్దలు కొందరు హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. మా నాయన కూడా ఊరి నుంచి వచ్చాడు. ఆయన కోపంగా లేడు, భయపడుతున్నాడు. "సార్ మంచోడే నాయనా. ఆ పిల్లోడూ మంచోడే. కానీ మనం ఊళ్లో మందను మేపుకోవాల. రేపు మన గొర్రెల్ని బీళ్లలోకి రానీకుంటే యాడికి పోతాం?" అన్నాడు. నేను ఏడ్చాను. ఆయన నా తల నిమురుతూ కూర్చున్నాడు, అంతకుమించి ఏమీ చేయలేకపోయాడు.

మర్నాడు చెడుగుడు రద్దయింది. మొరటు ఆటట, బట్టలు చినుగుతాయట. ఇకమీదట డ్రిల్లు మాత్రమే. డ్రిల్లులో మొదటి పని చేయి చాపి, పక్కవాడికి తగలనంత ఎడంగా నిలబడటం. "చేతులు చాపండి," అని ఆజ్ఞ ఇచ్చేటప్పుడు మాస్టారు మా ముఖాలు చూసేవారు కాదు. విజిల్ ఊది, దూరంగా గోడ వైపు చూసేవారు.

యోసేపు బడి మానేశాడు. వాళ్ల అమ్మతో మిరప కోతలకు గుంటూరు వైపు పోతున్నాడని విన్నాం. పోయేముందు ఒక సాయంత్రం మైదానానికి వచ్చాడు. మాస్టారు గబగబా ఎదురెళ్లి, "బడి మానొద్దు రా. ఏదో ఒకటి చేసి ఆడిస్తా," అన్నారు.

"ఎవరితో సార్?" అని అడిగాడు యోసేపు.

మాస్టారు మా వైపు తిరిగారు. మేము చెదురుమదురుగా నిలబడి ఉన్నాం. వాడు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు మాస్టారు కూడా ఉద్యోగం వదిలేశారు.

నేను ఉపాధ్యాయుణ్ణయ్యాక అర్ధవీడు వైపు వెళ్లి ఆయన్ని కలిశాను. నాలుగు మేకలు పెట్టుకుని, చూపు తగ్గి, ఒంటరిగా ఉన్నారు. నన్ను గొంతు విని గుర్తుపట్టారు. యోసేపు ఏమయ్యాడని అడిగాను. తెలియదన్నారు. వెతుక్కుంటూ రెండుసార్లు గుంటూరు పోయి వచ్చారట. "వాణ్ణి ఆటలోకి పిలవకుండా ఉండాల్సింది నాయనా. గోడ పక్కన కూర్చొని ఐనా చదువు పూర్తి చేసుకుండేవాడు. ఆశ పెట్టి చెడగొట్టినా," అన్నారు.

కాదు సార్, తప్పు మీది కాదు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. తర్వాత గిద్దలూరులో పనిచేసినన్నాళ్లూ ఆటల పీరియడు కోసం ప్రతి హెడ్మాస్టరుతోనూ పోట్లాడాను. దాన్ని లెక్కలకో ఇంగ్లీషుకో ఇచ్చేసేవారు, లేదా పిల్లలే ఏ పల్లె వాళ్లు ఆ పల్లెగా విడిపోయి ఆడుకునేవారు. ఒక్క జట్టునైనా, అందరూ కలిసిన జట్టును, బస్సెక్కించి మరో ఊరికి తీసుకెళ్లలేకపోయాను. అలాంటిదొకటి జరిగితే మాస్టారి దగ్గరికి వెళ్లి చెబుదామని అనుకుంటూ ఉండగానే ఆయన పోయారు. ఆశ పెట్టి చెడగొట్టానన్న ఆయన మాట తప్పని నేను ఇప్పటికీ నమ్ముతాను. తప్పని చూపించడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.